చుట్టం అనే మాట

జనవరి 19, ఆదివారం

చర్చి వెనక హాల్లో సినిమా క్లాసు మొదలైంది. అసలు వెళ్లకూడదనే అనుకున్నాను. వారమంతా కత్తెర పట్టి ద్రాక్ష తీగలు కత్తిరించిన చేతులు, ఒక్క ఆదివారమైనా వాటిని ఊరికే వదిలేద్దామని. కాని పూజ అయ్యాక బయటికొస్తే మంచు ఎంత దట్టంగా కమ్మేసిందంటే రోడ్డుకి అవతలున్న బస్టాపు కూడా కనబడలేదు. హాల్లో హీటరు ఉంది, కాఫీ ఉంది. అలా చేరాను. గొప్ప ఆశయాలేవో పెట్టుకుని చేరానని తర్వాతెప్పుడైనా నాకు నేనే చెప్పుకుంటానేమోనని ఇప్పుడే రాసిపెడుతున్నాను.

టీచర్ పేరు నెరేయిదా. లాస్ ఏంజెలెస్ నుంచి కారు నడుపుకుంటూ వస్తుంది. వాళ్ల తాత ఎప్పుడో మాలాగే సరిహద్దు దాటి వచ్చినవాడట. మా భాష మాట్లాడుతుంది కాని నాలుగు మాటలకొకసారి తడబడుతుంది. ఇన్నాళ్లూ లాటినోల మీద డాక్యుమెంటరీలు తీసినవాళ్లు మమ్మల్ని వంగిన నడుములుగానే చూపించారట, కెమెరాని ఎక్కడో పైన పెట్టి. ఇక కెమెరా మన కళ్ల ఎత్తులో ఉండాలి, మన చేతుల్లో ఉండాలి అంది. మరి నా నడుం నిజంగానే పొద్దస్తమానం వంగి ఉంటుంది కదా, దాన్నేం చేయమంటావని అడుగుదామనుకుని ఊరుకున్నాను. మొదటి రోజే నోరు పారేసుకోవడం ఎందుకు.

జనవరి 26

ఇంటి దగ్గర చేసుకు రమ్మన్న పని: మనుషులు లేకుండా మనం ఉండే గది తీయాలి. తీశాను. మంచం, పొయ్యి, గోడ మీద గ్వాదలూపె మాత పటం. టీచర్ తెగ మెచ్చుకుంది. ఆ గదిలో మెచ్చుకోవడానికి ఏముందో నాకు తెలియదు. ఇంటికొచ్చాక నేనూ కాసేపు గోడలు చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 16

ఎవరెవరు దేని మీద సినిమా తీస్తారో చెప్పమంది. ఒకతను తాగే నీళ్లు అన్నాడు. ఒకామె జైల్లో ఉన్న తమ్ముడు అంది. నా వంతు వచ్చేసరికి, ముందు అనుకోనేలేదు, నోట్లోంచి పురుగుల మందు సంగతి వచ్చేసింది.

పోయిన వేసవిలో మేం ద్రాక్ష తీగల అదనపు ఆకు తీస్తున్నాం. పక్క తోటలో మందు కొడుతున్నారు. గాలి తిరిగింది. కళ్లు మండాయి, ఇద్దరు ముగ్గురు వాంతులు చేసుకున్నారు. మా కూలీల ముఠా మేస్త్రీ ఫిదెన్సియో పని ఆపనివ్వలేదు. "వాసనేనమ్మా, వాసనకి ఎవరూ చావరు" అన్నాడు. ఆ వారంలోనే కాసిల్దా వదినకు ఐదో నెల కడుపు పోయింది. తను మళ్లీ పనికి వచ్చింది, అందరం ఏమీ జరగనట్టే ఉన్నాం.

వదిన అంటే వరసకి వదిన కాదు. మా ఇద్దరిదీ ఒకే ఊరు, సరిహద్దు అవతల కొండ మీద శాన్ బార్తొలో. ఈ ముఠాలో ఆ ఊరి ఆడవాళ్లం మేమిద్దరమే.

మార్చి 2

వదిన వాళ్లు కాపురముంటున్న చక్రాల ఇల్లు, ఆ ట్రైలర్‌కి వెళ్లి అడిగాను. రొట్టెలు కాలుస్తోంది. వెనక్కి తిరక్కుండానే అంది:

"ఏమే ఎర్మీ, నన్ను సినిమాలో పెడతావా? మేస్త్రీ చూస్తే నా గతేం కాను? కాగితాల్లేనిదాన్ని. ఈ కొంప కూడా వాళ్ల బావమరిదిదే."

"నీ మొహం కనబడదు వదినా. దీపం నీ వెనకాల పెడతాను, నువ్వు నల్లటి నీడలా ఉంటావంతే. గొంతు కూడా మార్చేస్తాను, మగాడి గొంతులా వస్తుంది."

"అది మార్చక్కర్లేదులే," అన్నాడు వాళ్లాయన ఆబ్దోన్, మంచం మీంచి. "పొద్దున్నే లేవమని అరిచేటప్పుడు అచ్చం అలాగే ఉంటుంది."

వదిన చేతిలో రొట్టె అతని మీదికి విసిరింది. అతను దాన్ని పట్టుకుని తినేశాడు. ముగ్గురం నవ్వుకున్నాం. తర్వాత వదిన పొయ్యి ఆపింది.

"ఎవరికో ఒకరికి చెప్పుకోవాలే. ఆయనతో చెబితే ఏడుస్తాడు. ఎన్నాళ్లని లోపల పెట్టుకు తిరగను? సరే తియ్యి. కాని నన్నెవరూ గుర్తుపట్టకూడదు. గుర్తుపట్టారా, మా బతుకు రోడ్డు మీదే."

మాటిచ్చాను.

మార్చి 9

తీశాను. దీపం వెనక పెట్టాను. ఏడవదనుకున్నాను. ఏడవలేదు కూడా. మామూలుగా, కూర గురించి చెబుతున్నట్టు చెప్పింది.

"మందు కొట్టిన రోజు మా చుట్టం గట్టిగా తన్నింది. ఆ తర్వాత మళ్లీ తన్నలేదు. రోజూ చుట్టానికని ఇంకో గిన్నెలో జావ పోసి, నా గిన్నె తాగాక అదీ నేనే తాగేదాన్ని. ఇప్పుడా గిన్నె ఏం చేయాలో తెలియట్లేదు. పారేస్తే పాపమేమో. దాంట్లో ఆయనకి పోస్తే తాగడు."

ఈ ముక్క విన్నప్పుడు నేను తల తిప్పేసుకున్నాను. కాని కెమెరా స్టాండు మీద ఉంది కాబట్టి షాట్ కదలలేదు. బాగా వచ్చింది.

ఏప్రిల్ 6

ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను. ట్రైలర్ నంబరు తీసేశాను. వాళ్ల కుక్క మొరిగింది, దాన్నీ తీసేశాను, ఆ కుక్క గొంతు ముఠా అంతటికీ తెలుసు. వదిన ఎడమచేతి మీద కత్తెర గాటు ఉంది. ఆ షాట్ ఎంత బాగున్నా పక్కన పెట్టాను. నా అంత జాగ్రత్తగా ఇంకెవరూ చేయరు. టీచరే అంది, "నువ్వు పుట్టుకతోనే ఎడిటర్‌వి" అని.

ఏప్రిల్ 27

ఈరోజు టీచర్ మొత్తం చూసింది. మధ్యలో ఆపి అడిగింది:

"ఈ చుట్టం ఎవరు? కథలోకి చుట్టం ఎక్కణ్ణుంచి వచ్చారు?"

నాకు నవ్వొచ్చింది. నెలన్నర నుంచి ఆ మాట వింటున్నాను, దానికి అర్థం చెప్పాల్సి వస్తుందని ఒక్కసారీ తోచలేదు. మా ఊళ్లో పుట్టేదాకా బిడ్డని బిడ్డ అనరు, దిష్టి. ఇంట్లో చుట్టం ఉన్నారు అంటారు. చుట్టం అన్నాక ఉంటారో వెళ్లిపోతారో వాళ్ల ఇష్టం. అందుకే ఇంకో గిన్నె పెట్టి మర్యాద చేస్తారు. అదే చెప్పాను.

టీచర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఎర్మీనియా, ఇదే నీ సినిమా పేరు" అంది.

చిన్నప్పుడు బళ్లో ఇదే మాట అన్నందుకు పట్నం పంతులమ్మ నన్ను నిలబెట్టి, "మీ అమ్మ కడుపులో చుట్టానికి కుర్చీ వేశారా?" అని అడిగింది. క్లాసంతా పడీ పడీ నవ్వారు. ఈరోజు అదే మాట విని లాస్ ఏంజెలెస్ ఆవిడ కళ్లు తుడుచుకుంది. నాకెంత సంతోషంగా ఉందో ఎవరితో చెప్పుకోను. ఇక్కడే రాసుకుంటున్నాను.

మే 18

వదినకు చూపించాను. తన గొంతు మగాడి గొంతులా వినబడేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. చూడటం అయ్యాక, "ఇది నేనని మా అమ్మ కూడా పోల్చుకోలేదు" అంది. ఇంకేం కావాలి.

జూన్ 8

హాలు నిండిపోయింది. అందరి సినిమాలూ వేశారు, నాది చివర. వదిన రాలేదు, రాననే చెప్పింది. ఫిదెన్సియో మేస్త్రీ వచ్చాడు! మొక్కజొన్న ఆకులో ఉడికించిన తమాలేలు ఉచితమని ఎవరో చెప్పి ఉంటారు. వెనక వరసలో కూర్చుని తిన్నాడు. సినిమా అయిపోయాక చూస్తే అతనూ చప్పట్లు కొడుతున్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. అంటే ఏమీ తెలియలేదన్నమాట. అప్పుడు కదా ఊపిరి తీసుకున్నాను.

లేచి నిలబడి కొట్టారు చప్పట్లు. మైకు నా చేతికిచ్చారు. ఏవో నాలుగు ముక్కలు మాట్లాడాను. టీచర్ నన్ను కావలించుకుంది.

జూన్ 10

మమ్మల్ని పనికి తీసుకెళ్లే వ్యాన్ ఈరోజు వదిన దగ్గర ఆగలేదు.

జూన్ 11

ఈరోజూ ఆగలేదు. మేస్త్రీని అడిగితే, "ఈ వారం మనుషులు ఎక్కువయ్యారమ్మా" అన్నాడు. ఎక్కువేమీ లేరు. కాని వదిన ఈ మధ్య మోకాళ్ల నొప్పులని వరసలో వెనకబడుతోంది, అదీ నిజమే. మేస్త్రీకి అలాంటివాళ్లు నచ్చరు. అదే అయి ఉంటుంది.

జూన్ 14

ఆబ్దోన్‌నీ మానిపించారు. అతను పోయిన నెల మేస్త్రీతో నీళ్ల డబ్బా గురించి గొడవ పడ్డాడు. ఆ కోపం ఉంటుందిగా.

జూన్ 17

ట్రైలర్ ఖాళీ చేయమన్నారు. మేస్త్రీ బావమరిది కూతురు కాపురానికి వస్తోందట. పిల్లకి పెళ్లి కుదిరిందని నేనూ ఎక్కడో విన్నాను. విన్నాననే అనుకుంటున్నాను.

వదిన నన్ను ఒకటే అడిగింది: "ఎర్మీ, ఎవరికైనా చెప్పావా?"

"దేవుడి తోడు, ఎవరికీ చెప్పలేదు."

నిజం కదా. పేరు ఎవరికీ చెప్పలేదు.

జూన్ 19

పని నుంచి రాగానే సినిమా మళ్లీ మళ్లీ చూశాను. దొరికింది! వదిన భుజం వెనక కిటికీ తెర అంచు కనబడుతుంది, పసుపు పూల తెర. దారిన పోయేవాళ్లెవరైనా ఆ తెర చూసి ఉండొచ్చు. అది నేను తీసేస్తానన్నాను. టీచరే "ఆ రంగు ఉండనీ, లేకపోతే మరీ చీకటిగా ఉంది" అంది. తనకేం, సాయంత్రానికి కారెక్కి వెళ్లిపోతుంది. మా బతుకుల్లో రంగులు చూసుకునేవాళ్లకి మేం ఏమైతే ఏమిటి? ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె ఏడ్చింది. "తప్పు నాదే" అంది.

మనసు కాస్త తేలికపడింది.

జూన్ 24

ఎవరూ వాళ్లకు పని ఇవ్వడం లేదు. ఈ చుట్టుపక్కల మేస్త్రీలంతా ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. ఆపిల్ తోటలకని ఆబ్దోన్ ఉత్తరాదికి వెళ్తున్నాడు. వదిన ఎవరిదో గ్యారేజీలో ఉంటోంది. రొట్టెలు తీసుకెళ్లాను, తీసుకుంది. లోపలికి రమ్మనలేదు.

జులై 3

కోత మొదలైంది. మధ్యాహ్నం మేస్త్రీ నన్ను పందిరి కిందికి పిలిచాడు.

"ఎండలో ఎందుకమ్మా మాడతావు? రేపట్నుంచి ఇక్కడ నిలబడి గుత్తులు చూడు. పగిలినవీ ఎండినవీ పక్కన పడెయ్. చదువుకునే పిల్లవి, నీకు తగ్గ పని."

"నాకెందుకు మేస్త్రీ గారూ?"

"నువ్వు మంచిదానివి కాబట్టి. కడుపులో ఏదీ దాచుకోవు." పళ్లు కుట్టుకుంటూ నవ్వాడు. "నీ సినిమా చూసి నాకసలు ఏమీ అర్థం కాలేదు తల్లీ. చీకట్లో ఎవడో మగాడు కడుపు పోయిందని ఏడుస్తున్నాడు, ఇదేం గోలరా అనుకున్నా. తమాలే తినేసి లేచి పోదామనుకున్నా. అప్పుడు నువ్వు మైకు పట్టుకున్నావు."

నేను చేతిలో ఉన్న గుత్తిని బుట్టలో పెట్టాను.

"మాది అక్కడ మీ కొండకి దిగువన లోయలో ఊరు కదా. మీ కొండోళ్లు ఏదో వింతగా మాట్లాడతారని మా నాయనమ్మ అంటుండేది. ఏం మాటో మర్చిపోయా. నువ్వే గుర్తుచేశావు, శాన్ బార్తొలో అని ఊరి పేరుతో సహా. నా ముఠాలో ఆ ఊరి ఆడవాళ్లు ఎందరు? ఇద్దరు. నీకా పెళ్లే కాలేదు." భుజం మీద తట్టాడు. "నువ్వు కెమెరా పట్టుకున్నావంతే, నీ మీద నాకేం కోపం లేదు."

జులై 4

సెలవు. ఈ దేశపు స్వాతంత్ర్య దినమని ఊరంతా టపాసులు.

జులై 5

పందిరి కిందే నిలబడ్డాను. వద్దంటే అనుమానపడతాడు. అనుమానపడితే వదినకే ఇంకా ఇబ్బంది.

జులై 6

నిన్న రాసింది చదివాను. వదినకు ఇంక ఏం ఇబ్బంది మిగిలింది? అనుమానపడటానికి వాడికి ఏం మిగిలింది? నీడ బాగుంది కాబట్టి నిలబడ్డాను. వీపు మండకుండా ఒక రోజు గడిచింది కాబట్టి నిలబడ్డాను.

టీచర్‌కి ఫోన్ చేసి కిటికీ తెర వల్ల కాదని చెప్పాలి. ఈ వారం చెబుతాను.

జులై 11

ఆబ్దోన్ దొరికిపోయాడు. దారిలో పోలీసులు కారు ఆపి, కాగితాల్లేవని పట్టుకున్నారట. వదినకు కబురు తెలిసేసరికి అతన్ని ఎక్కడికో మార్చేశారు.

జులై 13

టీచర్‌కి చెప్పాను. "ఆ మాట ఇంకెవరెవరు అంటారని నేను అడగనే లేదు చూడు. అందంగా ఉందనుకున్నానంతే" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. లాస్ ఏంజెలెస్‌లో పెద్ద సినిమా ఉత్సవానికి నాది తీసుకున్నారట. నన్ను రమ్మన్నారట. వెయ్యాలో వద్దో నన్నే తేల్చుకోమంది. వద్దని వెంటనే అనలేకపోయాను.

జులై 20, ఆదివారం

మధ్యాహ్నం క్లాసు అయిపోయి అందరూ వెళ్లాక హాల్లో నేనొక్కదాన్నే వైర్లు చుడుతున్నాను. కాసిల్దా వదిన వచ్చింది. మంచి బట్టలు కట్టుకుంది. చిక్కిపోయింది.

"ఆయన్ని సరిహద్దు దాటించేశారు," అంది. "ఎల్లుండి నేనూ పోతున్నా. బస్సు టిక్కెట్టు అయింది."

"వదినా..."

"ఆగు. అంతా తెలుసు. మేస్త్రీ పెళ్లాం సంతలో అందరి ముందూ చెప్పింది, నువ్వు స్టేజీ ఎక్కి ఏమన్నావో. కెమెరా తియ్యి."

తన మొహం చూపించి మాట్లాడతానంటుందనుకున్నాను. ఇంక పోయేదేముంది, దాక్కోవడం దేనికి అనుకుని ఉంటుందని. దీపం తెచ్చి కుర్చీకి ఎదురుగా పెట్టబోయాను.

"నేను కాదే. నువ్వు కూర్చో. నేను తీస్తా. ఏది నొక్కాలో చూపించు."

చూపించాను. కూర్చునే ముందు, నా చేతులే దీపాన్ని ఎత్తుకెళ్లి నా కుర్చీ వెనకాల పెట్టాయి. అలవాటు కొద్దీ అని రాద్దామనుకున్నాను. అలవాటు కాదు.

"వెనకెందుకు పెట్టావు?"

"మేస్త్రీ చూస్తే పని..." సగంలో ఆపేశాను. అప్పటికే సగం అనేశాను.

వదిన నవ్వుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. సరేనని తల ఊపింది. కెమెరాకి ఇంకా కన్ను ఆనించకుండా, నా మొహంలోకి చూసి అడిగింది:

"మొదలెట్టే ముందు ఒకటి చెప్పు. నీ మాటల్లో ఏది బయటికి పోకూడదు? ఏ మాటతో నిన్ను పట్టుకుంటారు? అది నీకే తెలుస్తుంది, నాకు తెలియదు. చెబితే దాన్ని తీసేయించే పూచీ నాది. నన్ను ఈ ముక్క నువ్వూ అడగలేదు, మీ టీచరమ్మా అడగలేదు. మొహం, గొంతు, కుక్క అన్నీ మీరే చూసుకున్నారు."

జనవరి నుంచి ఈ హాల్లో ఎన్ని పాఠాలు విన్నానో. ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

"నా పేరు," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా అదే అన్నాను.

"సరే. నీ పేరు ఉండదు." నొక్కింది. "ఇప్పుడు చెప్పు. ఆ రోజు స్టేజీ మీద ఏమన్నావు?"

చెప్పాను. ఇక్కడ రాయకుండా దాటేసిన ఆ నాలుగు ముక్కలూ ఇవే: "చుట్టం అనే మాట లోకంలో ఇంకెక్కడా లేదు. మా శాన్ బార్తొలో ఆడవాళ్లు మాత్రమే అంటారు. మా ఊరి మాట ఈరోజు తెర మీద వినబడినందుకు నాకు గర్వంగా ఉంది." ఎవరూ అడగలేదు. చప్పట్లు ఇంకాసేపు కొట్టాలని అన్నాను. పందిరి కింద పని గురించి కూడా చెప్పాను. అది వదినకు తెలియదు. కెమెరా కొంచెం కదిలింది.

"నీ సినిమా ఎక్కడ వేసుకున్నా దీంతో కలిపి వేసుకో," అంది వదిన, ఆపాక. "ఇది లేకుండా వేశావా, నా చుట్టం ఉసురు తగులుతుంది. నీ పేరు తీసేయడం మాత్రం మర్చిపోకు. నేను మాటిచ్చాను."

వెళ్లిపోయింది.

జులై 22

వదిన బస్సు పొద్దున వెళ్లి ఉంటుంది. వెళ్లి నిలబడే మొహం నాకు లేదు.

జులై 27

టీచర్‌కి చూపించాను. "ఇన్నేళ్లలో నా క్లాసులో ఎవరూ ఇంత గొప్పగా తీయలేదు" అంది. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, లోపల ఎక్కడో పొంగాను. వెంటనే నన్ను నేను చెంపదెబ్బ కొట్టాలనిపించింది. నేను తీయలేదు, వదిన తీసింది అని టీచర్‌కి చెప్పాను.

ఆగస్టు 3

ఎడిటింగ్ పూర్తి చేయాలి. నా పేరు ఎక్కడెక్కడ ఉందో వెతికాను. ఒక్కచోటే ఉంది. చివర్లో, అంతా చెప్పేశాక, నాకు గుర్తే లేదు, తల వంచుకుని అన్నాను: "వదినా, ఈ ఎర్మీనియాని క్షమిస్తావా?"

పేరు ఒక్కటే తీద్దామని చూశాను. కుదరదు, మాటలన్నీ ఒకే ఊపిరిలో కలిసిపోయాయి. "ఈ" దగ్గర కోస్తే ఆ వాక్యమంతా పోతుంది. తను ఇచ్చిన మాట ప్రకారం నా పేరు తీసేస్తే, నన్ను క్షమించమని తనని అడిగిన మాటే ఉండదు. ఉంచితే రేపు మేస్త్రీకి గొంతు మార్చుకుని నీడలో కూర్చున్నది ఎవరో విడమరిచి చెప్పక్కర్లేదు.

సాయంత్రం దాకా ఆ ముక్క ముందే కూర్చున్నాను. కోశాను. మళ్లీ అతికించాను. మళ్లీ కోశాను.

ఆగస్టు 4

ఉంచేశాను. పేరు ఉంది, గొంతు కూడా నాదే, మార్చలేదు.

నేను అడిగాక క్లిప్ ఇంకా నడుస్తుంది. కెమెరా వెనక వదిన ఊపిరి తీసుకోవడం వినబడుతుంది. ఏదో అనబోతున్నట్టు ఒకసారి ఆగుతుంది. ఏమీ అనదు. తర్వాత తను మీట నొక్కిన చప్పుడు.

అక్కడితో సినిమా అయిపోతుంది.